బొమ్మ ఉంది... మాట లేదు!

డిస్కు ట్రేలో పెడతారు. ప్లేయర్ కాసేపు గిర్రుమని తిరుగుతుంది. ఇంటిల్లిపాదీ టీవీ ముందు సర్దుకుని కూర్చుంటారు. తెర మీద పడేది మాత్రం రెండే ముక్కలు... 'డిస్క్ ఎర్రర్'. అదే డిస్కు కంప్యూటర్లో పెడితే చక్కగా ఆడుతుంది. దాంతో నింద ప్లేయర్ మీద పడుతుంది. తర్వాత ఖాళీ డిస్కు అమ్మిన షాపు మీదికి వెళ్తుంది. నిజానికి చాలాసార్లు తప్పు ఇద్దరిదీ కాదు. ఫైలు ఒక భాషలో మాట్లాడుతుంటే, ప్లేయర్‌కు తెలిసింది ఇంకో భాష. మధ్యలో దుబాసీ లేడు. అంతే!

సికింద్రాబాద్ వాళ్లకు ఈ తిప్పలు బాగా తెలుసు. 2000ల్లో మోసర్ బేర్ లాంటి కంపెనీలు సినిమా వీసీడీని 28 రూపాయలకూ, డీవీడీని 34 రూపాయలకూ అమ్మడం మొదలెట్టాక ఇంటింటికీ ప్లేయర్ వచ్చేసింది. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్... అదే, అందరూ సీటీసీ అని పిలుచుకునే కంప్యూటర్ బజారు. అక్కణ్నుంచి డీవీడీ రైటరూ, ఖాళీ డిస్కుల కట్టా తెచ్చుకుని ఇంట్లోనే పెళ్లి డిస్కులు చేసుకున్న కుటుంబాలు ఎన్నో. ఆ డిస్కులు ఇప్పటికీ అల్మారాల్లో ఉన్నాయి. వాటిని చూసే పెద్దవాళ్లూ ఉన్నారు.

మారేడుపల్లిలో అలాంటి ఓ ఇల్లు ఊహించుకోండి. తాతయ్యకు ఎనభై ఏళ్లు నిండుతున్నాయి. ఆయన షష్టిపూర్తికి 2004లో తీసిన మినీడీవీ టేపు ఒకటి, మొన్న మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు ఫోన్లో తీసిన వీడియోలు కొన్ని ఉన్నాయి. అన్నీ కలిపి ఒకే డీవీడీగా చేసి ఆయన చేతికివ్వాలని మనవడి ఆశ. ఎందుకంటే తాతయ్యకు స్మార్ట్ టీవీలో వెతుక్కోవడం చేతకాదు. డిస్కు పెట్టి రిమోట్ నొక్కడం మాత్రం బాగా వచ్చు.

మనవడు ఫైళ్లన్నీ డిస్కులోకి లాగి రైట్ కొట్టాడు. ప్లేయర్ మొరాయించింది. ఎవరో చెబితే ఫైలు పేరు చివర 'ఎంపీ4' తీసేసి 'ఎంపీజీ' అని మార్చాడు. మళ్లీ అదే గొడవ. మూడోసారి ఏదో సాఫ్ట్‌వేర్‌తో మారిస్తే బొమ్మ వచ్చింది. "ఏరా, మీ నానమ్మ పెదాలు కదులుతున్నాయి గానీ మాట వినపడదేంరా?" అన్నారు తాతయ్య. నానమ్మ ఇప్పుడు లేదు. ఆమె గొంతు ఉన్నది ఆ టేపు ఒక్కదాంట్లోనే.

డబ్బా వేరు, సరుకు వేరు

స్టీలు డబ్బా మీద 'పంచదార' అని రాసినంత మాత్రాన లోపల ఉప్పు ఉండకూడదని లేదు. వీడియో ఫైలూ అంతే. ఏవీఐ, ఎంపీ4, ఎంకేవీ అన్నవి డబ్బాల పేర్లు. లోపలి బొమ్మను ఏ పద్ధతిలో కుదించారు, శబ్దాన్ని ఏ పద్ధతిలో కుదించారు అన్నదే అసలు సరుకు. ఆ పద్ధతినే కోడెక్ అంటారు. ఒకే ఏవీఐ డబ్బాలో డివ్ఎక్స్ ఉండొచ్చు, ఎక్స్‌విడ్ ఉండొచ్చు, టేపు నుంచి దించిన డీవీ ఉండొచ్చు. పేరు చివరి తోక మారిస్తే చీటీ మారుతుంది, లోపలి సరుకు మారదు.

డీవీడీ 1996లో జపాన్‌లో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు ఫోన్లలో ఎక్కువగా కనిపించే హెచ్.264 ప్రమాణం 2003లో, దాని తర్వాతి హెచ్.265 ప్రమాణం 2013లో వచ్చాయి. తర్వాత పుట్టిన భాష ముందు పుట్టిన యంత్రానికి ఎలా తెలుస్తుంది? కంప్యూటర్ సంగతి వేరు. వీఎల్‌సీ లాంటి ప్లేయర్ పదుల కొద్దీ కోడెక్‌లను తనతోనే మోసుకొస్తుంది. అందుకే 'కంప్యూటర్లో ఆడుతోంది కదా' అన్నది డిస్కు బాగుందనడానికి రుజువు కాదు.

ప్లేయర్‌కు తెలిసిన భాష

వీసీడీకి ఎంపెగ్-1 వీడియో కావాలి. మన దేశపు పాల్ పద్ధతిలో బొమ్మ కొలత 352×288 చుక్కలు, సెకనుకు 25 ఫ్రేములు. శబ్దం 44.1 కిలోహెర్ట్జ్. ఒక డిస్కులో పట్టేది 74 నుంచి 80 నిమిషాలు. తెలుగు సినిమాకు రెండు మూడు వీసీడీలు ఎందుకొచ్చేవో ఇప్పుడు అర్థమవుతుంది.

డీవీడీకి ఎంపెగ్-2 వీడియో వాడతారు. పాల్‌లో 720×576 చుక్కలు, సెకనుకు 25 ఫ్రేములు. శబ్దం డాల్బీ వాళ్ల ఏసీ-3 గానీ, కుదించని పీసీఎం గానీ ఉండాలి. ఎంపెగ్ లేయర్-2 కూడా పాల్ డిస్కుల్లో చెల్లుతుంది. ఏదైనా మామూలుగా 48 కిలోహెర్ట్జ్‌లో ఉండాలి. ఇవన్నీ 'వీడియో_టీఎస్' అనే ఫోల్డర్‌లో వీఓబీ, ఐఎఫ్ఓ, బీయూపీ అనే ఫైళ్లుగా కూర్చోవాలి. ఇలా కూర్చోబెట్టే పనినే ఆథరింగ్ అంటారు. ఫైలును ఉన్నదున్నట్టు డిస్కులోకి లాగితే అది డేటా డిస్కు అవుతుంది తప్ప డీవీడీ వీడియో కాదు. డివ్ఎక్స్ ముద్ర ఉన్న కొన్ని ప్లేయర్లు డేటా డిస్కులోని ఏవీఐలను ఆడించేవి. అందరి ఇంట్లోనూ అదే ప్లేయర్ ఉంటుందనుకుంటే కష్టం.

లక్షణాన్ని బట్టి రోగం

బొమ్మ ఉండి మాట లేకపోతే ముందు శబ్దం ఏ పద్ధతిలో ఉందో చూడాలి. ఎంపీ3, ఏఏసీ శబ్దాలు డీవీడీ వీడియోలో చెల్లవు. మినీడీవీ టేపులతో ఇంకో చిక్కుంది. చాలా క్యామ్‌కార్డర్లలో శబ్దం 12 బిట్, 32 కిలోహెర్ట్జ్‌లో రికార్డయ్యేది. సెట్టింగ్ మారిస్తేనే 16 బిట్, 48 కిలోహెర్ట్జ్. మనవడి టేపులో జరిగిందీ అదే. శబ్దాన్ని 48కి మార్చి, ఏసీ-3గా చేసి మళ్లీ ఆథరింగ్ చేస్తే మాట తిరిగొస్తుంది. నానమ్మ గొంతు ఎక్కడికీ పోలేదు. టేపులో భద్రంగానే ఉంది. దారి మధ్యలో ఆగిపోయింది, అంతే.

పెదాలకూ మాటకూ పొంతన కుదరకపోతే ఎప్పట్నుంచి తేడా వస్తోందో గమనించాలి. మొదటి నుంచి చివరి దాకా ఒకే అర సెకను తేడా ఉంటే శబ్దాన్ని ఆ మేరకు జరిపితే సరిపోతుంది. మొదట బాగానే ఉండి, పోనుపోనూ తేడా పెరుగుతుంటే అనుమానించాల్సింది ఫ్రేముల లెక్కను. ఫోన్లు చాలావరకు వెలుతురును బట్టి సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను మార్చుకుంటూ పోతాయి. డీవీడీకి ఆ నిలకడలేని లెక్క పనికిరాదు. ముందుగా హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్' ఎంచుకుని, సెకనుకు 25 చొప్పున స్థిరపరచాలి. ఆ తర్వాతే ఆథరింగ్.

పెళ్లికూతురు తాటిచెట్టంత పొడవుగా, పుల్లలా సన్నగా కనిపిస్తే ఆమె తిండి తప్పు కాదు. వెడల్పు తెర బొమ్మకు 4:3 అని గుర్తు పడింది. దాన్ని 16:9 చేయాలి. ఫోన్ నిలువుగా పట్టి తీసిన వీడియోను తెరంతా సాగదీస్తే మనుషులు బొద్దుగా అయిపోతారు. రెండు పక్కలా నల్లపట్టీలు వదలడమే మేలు.

మనుషులు నడుస్తున్నప్పుడు అంచులు వణుకుతుంటే అది ఫీల్డుల వరస తప్పడం. పాత టీవీ పద్ధతిలో ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా ఉంటుంది. డీవీ టేపులో కింది సగం ముందు వస్తుంది. సాఫ్ట్‌వేర్ పై సగం ముందనుకుంటే బొమ్మ వెనకా ముందూ ఊగుతుంది. సెట్టింగ్‌లో 'బాటమ్ ఫీల్డ్ ఫస్ట్' పెడితే కుదురుకుంటుంది.

సాఫ్ట్‌వేర్ ఫైలును అసలు తెరవకపోతే అది హెచ్.265 కావచ్చు. 2017 తర్వాతి ఐఫోన్లలో మామూలుగా రికార్డయ్యేది అందులోనే. పాత ఆథరింగ్ సాఫ్ట్‌వేర్‌లకు దాని ఊసే తెలీదు. ముందు హెచ్.264కు మార్చి చూడాలి. ఫైలు పేరు తెలుగులో ఉన్నా కొన్ని పాత సాఫ్ట్‌వేర్‌లు తడబడతాయి. చిన్న ఇంగ్లిష్ పేరు పెడితే ఆ అనుమానమూ తీరుతుంది.

లెక్క నిమిషాల్లో... ఎంబీల్లో కాదు

'ఫైలు 700 ఎంబీనే కదా, డీవీడీలో ఆరు సినిమాలు పట్టాలిగా?' అన్నది ఇంకో సాధారణ సందేహం. పట్టవు. ఎంపెగ్-2కు మార్చాక సైజును నిర్ణయించేది నిడివే. డిస్కు మీద రాసే 4.7 జీబీ అంటే 470 కోట్ల బైట్లు. కంప్యూటర్ లెక్కలో అదే దాదాపు 4.37 జీబీగా కనిపిస్తుంది. గంట వీడియోకు సెకనుకు 8 మెగాబిట్ల దాకా ధారాళంగా ఇవ్వొచ్చు. రెండు గంటలకు బొమ్మా శబ్దమూ కలిపి 5, మూడు గంటలకు 3.4, నాలుగు గంటలకు 2.6 మించి రావు. నాలుగు గంటల పెళ్లిని ఒకే డిస్కులో కుక్కితే తలంబ్రాలు గడుల గడులుగా కనిపించేది అందుకే. గట్టిమేళం దగ్గర విడగొట్టి రెండు డిస్కులు చేసుకుంటే మేలు.

అమెరికా అల్లుడికి పంపాలంటే

ఇక్కడ చక్కగా ఆడిన డిస్కు డాలస్‌లో ఆడలేదంటే చాలామంది 'రీజియన్ కోడ్' అంటారు. కొన్న సినిమా డిస్కులకు అది నిజమే. మన దేశం రీజియన్ 5, అమెరికా రీజియన్ 1. ఇంట్లో చేసుకున్న డిస్కుకు మామూలుగా ఏ రీజియనూ ఉండదు. అసలు అడ్డు పాల్, ఎన్‌టీఎస్‌సీల తేడా. అమెరికా ప్లేయర్లు చాలావరకు అడిగేది 720×480 చుక్కలు, సెకనుకు 29.97 ఫ్రేముల ఎన్‌టీఎస్‌సీని. మన దగ్గర అమ్మిన ప్లేయర్లలో ఎక్కువ భాగం రెండింటినీ ఆడిస్తాయి. కాబట్టి అక్కడికి పంపేది ఎన్‌టీఎస్‌సీలో, ఏసీ-3 శబ్దంతో చేయించాలి. వాళ్లు కంప్యూటర్లో చూసేట్టయితే పాల్ డిస్కు ఉన్నదున్నట్టే పనికొస్తుంది.

రైట్ కొట్టే ముందు

తొందరపడి డిస్కులు తగలేయడం కన్నా ఈ వరసలో వెళ్తే ఖర్చూ, విసుగూ రెండూ తగ్గుతాయి.

ఒకటి, అసలు ఫైలు కంప్యూటర్లో మొదట్నుంచి చివరి దాకా ఆడుతుందో లేదో చూడాలి. మూలమే పాడైతే మార్చి లాభం లేదు. వాట్సాప్‌లో వచ్చిన కాపీ కాకుండా, తీసినవాళ్ల ఫోన్లోని ఫైలునే 'డాక్యుమెంట్'గా తెప్పించుకోవాలి.

రెండు, 'మీడియాఇన్ఫో' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైలు తెరవాలి. డబ్బాలోని సరుకంతా చెబుతుంది. కోడెక్, ఫ్రేములు, శబ్దం... ఈ మూడూ కాగితం మీద రాసుకోవాలి.

మూడు, రెండు నిమిషాల ముక్కతో ప్రయోగం చేయాలి. నాలుగు గంటలు మార్చాక తప్పు కనిపిస్తే ఏడుపొస్తుంది.

నాలుగు, డీవీడీస్టైలర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ముందు హార్డ్‌డిస్క్‌లోనే 'వీడియో_టీఎస్' ఫోల్డర్ తయారుచేసి, వీఎల్‌సీలో ఆడించి చూడాలి.

ఐదు, డీవీడీ-ఆర్ డిస్కు మీద, 'డీవీడీ వీడియో' అన్న ఎంపికతో, అతి వేగం కాకుండా రైట్ చేయాలి. చివర్లో 'ఫైనలైజ్' మరిచిపోకూడదు. అది లేకపోతే చాలా ప్లేయర్లు డిస్కును గుర్తుపట్టవు. తిరిగి రాయగల ఆర్‌డబ్ల్యూ డిస్కులనూ, రెండు పొరల డిస్కులనూ కొన్ని పాత ప్లేయర్లు చదవలేవు.

ఆరు, డిస్కు ఏ ఇంటికి వెళ్తుందో ఆ ఇంటి ప్లేయర్‌లోనే చివరి పరీక్ష.

మూలం పారేయొద్దు

డిస్కు సరిగ్గా ఆడగానే చాలామంది చేసే పని ఒకటుంది. ఫోన్లో ఖాళీ కోసం అసలు వీడియోలు తుడిచేస్తారు. టేపులు అటక మీదికి, ఆ తర్వాత పాత సామాన్లవాడి బండిలోకి వెళ్తాయి. డీవీడీ కోసం మార్చినప్పుడు బొమ్మలో కొంత వివరం పోతుంది. అది మళ్లీ రాదు. డిస్కు చూడ్డానికి చేసుకున్న కాపీ మాత్రమే. ఆస్తి అసలు ఫైలే.

టేపులున్న ఇళ్లవాళ్లు అసలు ఆలస్యం చేయకూడదు. వీహెచ్ఎస్ వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016లో ఆ పని మానేసింది. సోనీ 2025 ఫిబ్రవరిలో మినీడీవీ క్యాసెట్ల తయారీకి స్వస్తి చెప్పింది. మినీడీవీని ఫైర్‌వైర్ తీగతో ఉన్నదున్నట్టు దించితే గంటకు 13 జీబీ అవుతుంది. ఒకప్పుడు అది భరించలేని సైజు. ఇప్పటి హార్డ్‌డిస్క్‌కు లెక్కలోది కాదు.

ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1880ల్లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఆయన గాజు పలకల నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి 1989లో చేరాయి. గాజు పలకను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చాలు, ఎవరి కంటికైనా మనిషి కనిపిస్తాడు. మెరిసే డిస్కును ఎంత తిప్పి చూసినా కనిపించేది మన మొహమే. లోపలున్నవాళ్లు కనిపించాలంటే దాని భాష తెలిసిన యంత్రం ఒకటి బతికి ఉండాలి. అందుకే అసలు ఫైలు రెండు చోట్ల దాచుకోవాలి. ఒకటి ఇంట్లో, ఒకటి ఇంకో ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గర. అయిదారేళ్లకోసారి తెరిచి చూసి, అవసరమైతే అప్పటి భాషలోకి మార్చుకుంటూ పోవాలి. ఆవకాయ జాడీని అప్పుడప్పుడూ మూత తీసి చూసుకోమా? ఇదీ అలాంటిదే.