ఆకు వాలితే నీళ్లేనా?

మా డాబా మీద నాలుగు టమాటా మొక్కలు వారంలో వరసగా పోయాయి. మధ్యాహ్నానికి ఆకులు వేలాడుతుంటే దాహమేమో అనుకుని రోజూ సాయంత్రం చెంబుడు నీళ్లు పోసేదాన్ని. మా అత్తయ్యగారు తెల్లారకముందే వెళ్లి పోసొస్తున్నారని నాకు తెలీదు. నేను పోస్తున్నానని ఆవిడకీ తెలీదు. చివరికి ఒక మొక్కని పీకి చూస్తే, తెల్లగా గట్టిగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగు తిరిగి మెత్తబడిపోయాయి. లాగితే పైపొర ఊడి చేతికొచ్చింది. మురుగు కంపు.

నేను నోరు జారాను. "మీరు పోస్తున్నట్టు ఒక్క మాట చెప్పొచ్చుగా అత్తయ్యా!" ఆవిడ ఏమీ అనలేదు. నాలుగు రోజులు డాబా ఎక్కలేదు. కోనసీమలో పెద్ద పెరడు వదులుకుని హైదరాబాద్ వచ్చిన మనిషికి ఆ పది కుండీలే మిగిలాయని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

తప్పు ఆవిడది కాదు, నీళ్లదీ కాదు. కోకోపీట్ గురించి మనకి సగమే చెబుతారు. తేలిక, డాబాకి బరువుండదు, నీళ్లు పట్టి ఉంచుతుంది అంటారు. అన్నీ నిజాలే. కానీ ఆ నీళ్లు పట్టి ఉంచే గుణమే తెలియని చేతుల్లో ముప్పు. పైన పొడిగా, లేత రంగులో కనిపిస్తుంది, జానెడు లోతున ముద్దగా తడిసి ఉంటుంది. వేరుకి నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. గాలి ఆడకపోతే వేరు కుళ్లుతుంది, కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు. అందుకే చుట్టూ తడి ఉన్నా ఆకు వాలిపోతుంది. మనం దాహమనుకుని ఇంకో చెంబు పోస్తాం!

ఇంకో సంగతి. కోకోపీట్ అంటే కొబ్బరి డొక్కల్లోంచి పీచు తీశాక మిగిలే పొట్టే. అందులో సోడియం, పొటాషియం లవణాలుంటాయి. ఇటుకని నానబెట్టి, రెండు మూడుసార్లు నీళ్లు మార్చి కడిగి, పిండి వాడాలి. నేను మొదటిసారి నానబెట్టి తిన్నగా కుండీల్లో నింపేశాను. పైగా ఈ పొట్టు కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని తను పట్టుకుని మొక్కకి సరిగ్గా అందనివ్వదు. అందుకే కాల్షియం నైట్రేట్ నీళ్లలో నానబెట్టి బఫర్ చేసిన రకం కూడా అమ్ముతారు. పొట్టులో మొక్కకి తిండి దాదాపు ఉండదు కాబట్టి ఎరువు మనమే ఇవ్వాలి. ఇప్పుడు నేను వట్టి పొట్టు వాడను. మట్టి, వర్మీకంపోస్టు, పొట్టు సమానంగా కలుపుతున్నాను. కుండీ అడుగున చిల్లులున్నాయో లేదో చూసుకుంటున్నాను, కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వడం లేదు.

అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం ఒకటే: నీళ్లు పోసే చెయ్యి ఒకటే ఉండాలి. ఇంట్లో అన్నీ మన చేతి మీదుగానే జరగాలనుకోవడం మన గృహిణులకి ఒక జబ్బు. నాకూ ఉంది. ఐదో రోజు అత్తయ్యగారి దగ్గరికెళ్లి, "ఇక నుంచి నీళ్ల పని మీదే, నేను చెంబు ముట్టను" అన్నాను. వేలు రెండు కణుపుల లోతు దించి చూడాలని, గుప్పెడు తీసి పిండితే నీరు కారితే ఆ రోజు పోయకూడదని చెప్పాను. పోసిన రోజు మాత్రం అడుగు చిల్లుల్లోంచి కారేదాకా పోయాలి, అప్పుడే పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది. "మట్టిని చూడ్డం నాకు నువ్వు నేర్పుతావా?" అన్నారు గానీ, సాయంత్రానికి డాబా మీదే ఉన్నారు.

కొత్త మొక్కలు పూత మీదున్నాయి. నిన్న ఎండ చూసి కంగారుపడి, అన్న మాట మర్చిపోయి చెంబు పట్టుకెళ్లాను. అత్తయ్యగారు వేలు తీసి చూపించారు. "ఆగమ్మాయ్, లోపల ఇంకా తడుంది."