అక్షరాల నేలమాళిగ... చదవగలరా?

బొగ్గుతో అరుగు మీద గీతలు గీసి, రాళ్లు పెట్టుకుని పులి-మేక ఆడిన తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. ఒక రాయి పులి, ఇంకో రాయి మేక. రాయికి కోరలూ లేవు, కొమ్ములూ లేవు. అయినా ఆడేవాళ్ల కంటికి అది పులే!

కంప్యూటర్‌లోనూ అచ్చం అలాంటి ఆట ఒకటుంది. పేరు నెట్‌హ్యాక్. సంక్రాంతి సెలవులకి నర్సీపట్నం వచ్చిన ఇంజినీరింగ్ కుర్రాడి ల్యాప్‌టాప్‌లో ఈ ఆట కనబడితే, ‘ఏరా, ఇది పాడైపోయిందా?’ అని వాళ్ల నాన్న కంగారుపడినా ఆశ్చర్యం లేదు. నల్లటి తెర, దాని నిండా చుక్కలు, గీతలు, అక్కడక్కడా అక్షరాలు. బొమ్మ ఒక్కటీ లేదు. కానీ చదవడం తెలిసినవాళ్లకి ఆ తెరలో గదులు, సొరంగాలు, రాక్షసులు, నిధులు... అన్నీ కనిపిస్తాయి.

బొమ్మలు లేని రోజుల్లో...

ఈ ఆటల తాత ‘రోగ్’. 1980 ప్రాంతంలో అమెరికాలోని శాంటాక్రజ్‌లో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే విద్యార్థులు దీన్ని రాశారు. అప్పట్లో విశ్వవిద్యాలయంలో ఒక పెద్ద కంప్యూటర్, దానికి తగిలించిన బోలెడు టెర్మినళ్లు ఉండేవి. ఆ తెరల్లో చాలావాటికి అక్షరాలు చూపించడమే తెలుసు. తెర మీద కోరుకున్న చోట అక్షరాన్ని నిలబెట్టే ప్రోగ్రాముల సంపుటిని బర్కిలీలో కెన్ ఆర్నాల్డ్ తయారుచేశాడు. దాంతో అక్షరాలనే ఇటుకలుగా పేర్చి నేలమాళిగ కట్టేశారు! తర్వాత జే ఫెన్లాసన్ అనే హైస్కూలు కుర్రాడు స్నేహితులతో కలిసి ‘హ్యాక్’ రాశాడు. దానికి మెరుగులు దిద్దగా 1987లో నెట్‌హ్యాక్ వచ్చింది. నెట్ ద్వారా పరిచయమైన ఔత్సాహికులు కలిసి చేశారు కాబట్టి ఆ పేరు. ఇప్పటికీ ఉచితమే.

తెర మూడు ముక్కలు

మామూలు టెర్మినల్ తెరలో 24 వరుసలు, వరుసకి 80 అక్షరాలు. పై వరుస కబుర్లు చెబుతుంది. ‘నక్క మిమ్మల్ని కరిచింది’ లాంటి మాటలు వచ్చేది అక్కడే. మధ్యలోని 21 వరుసలు పటం. అడుగున ఉన్న రెండు వరుసలు మీ ఆరోగ్య పత్రం.

పటంలో @ గుర్తు మీరే. చుక్క అంటే గది నేల. నిలువు గీత, అడ్డగీత గోడలు. # అంటే సాధారణంగా సొరంగం. > కిందికి దిగే మెట్లు, < పైకి వెళ్లే మెట్లు. $ డబ్బు, % తిండి, ) ఆయుధం, [ కవచం, ! మందుసీసా, ? మంత్రం రాసిన చుట్ట, ^ ఉచ్చు.

అక్షరాలు కనబడితే మాత్రం జాగ్రత్త. అవి ప్రాణులు! చిన్న ‘డి’ కుక్క జాతి, పెద్ద ‘డి’ అయితే డ్రాగన్. చిన్న ‘ఎఫ్’ పిల్లి, పెద్ద ‘జెడ్’ నడిచే శవం. రంగుకీ అర్థముంది. పసుపు రంగు చిన్న ‘సి’ని ఉత్త చేత్తో ముట్టుకుంటే రాయైపోతారు. అహల్య కథ గుర్తొస్తోందా? ఇక్కడ శాపవిమోచనానికి రాముడు రాడు.

పొగమంచులో ప్రయాణం

తెల్లవారుజామున నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కినవాళ్లకి ఈ పటం సులువుగా అర్థమవుతుంది. మంచులో లైటు పడినంత మేరే దారి. ఆటలోనూ అంతే. అడుగు పెట్టిన కొద్దీ పటం విచ్చుకుంటుంది. వదిలి వచ్చిన గది తెర మీద అలాగే ఉంటుంది కానీ, అది మీరు చివరిసారి చూసిన గది. అక్కడి వస్తువుని ఈలోగా ఎవరైనా ఎత్తుకుపోయినా పటంలో అది ఉన్నట్టే కనిపిస్తుంది. తెర చూపించేది జ్ఞాపకాన్ని!

అడుగు వరుసలోనే ఆయువు

కొత్తవాళ్లు పటం చూస్తారు, అడుగు వరుసలు వదిలేస్తారు. దెబ్బ తినేది అక్కడే. ‘హెచ్‌పీ’ మిగిలిన ప్రాణశక్తి. ‘ఏసీ’ రక్షణ. ఇందులో ఒక తిరకాసుంది. ఈ అంకె తగ్గేకొద్దీ రక్షణ పెరుగుతుంది! ఆకలి వేసినా, నీరసం వచ్చినా అక్కడే రాసి ఉంటుంది. నీరసించినప్పుడు, లేదా ప్రాణశక్తి ఏడో వంతు కంటే తగ్గినప్పుడు దేవుణ్ని ప్రార్థిస్తే కాపాడతాడు. మాటిమాటికీ పిలిస్తే మాత్రం కోప్పడతాడు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే... ఉన్నది ఒక్కటే ప్రాణం. పోతే ఆట మొదటికే. దాచుకున్న ఆట తెరవగానే ఆ ఫైలు చెరిగిపోతుంది కాబట్టి, వెనక్కెళ్లి సరిదిద్దుకోవడం కుదరదు. ఊరట ఒక్కటే. మీరు మీట నొక్కేదాకా రాక్షసుడు కూడా కదలడు. గంటసేపు ఆలోచించినా అడిగేవాళ్లు లేరు. తొందర ఆటది కాదు, ఆడేవాళ్లది.

ఆ దీపాల కొట్టు

అన్ని @లూ మీరే కాదు. మనుషులందరికీ అదే గుర్తు. నేలమాళిగలోని గనుల ఊళ్లో ఒక దీపాల కొట్టు ఉంటుంది. దాని యజమాని పేరు ఇజ్చాక్. ఈ ఆట తీర్చిదిద్దినవాళ్లలో ఒకరైన ఇజ్చాక్ మిల్లర్ తత్వశాస్త్ర ఆచార్యుడు. ఆయన 1994లో చనిపోయారు. ఆ కొట్టు ఆయన గుర్తుగా మిగిలింది. ఆట పూర్తిచేయాలంటే ఏడు కొవ్వొత్తులు కావాలి. ఇలాంటి కొట్లలో అవి అమ్ముతారు! తెలియనివాళ్లకి అదో గుర్తు. తెలిసినవాళ్లకి ఒక మనిషి.

కృత్రిమ మేధకీ కష్టమే

2020లో ఫేస్‌బుక్ పరిశోధకులు కంప్యూటర్లకి ఈ ఆట నేర్పే వేదిక తయారుచేశారు. 2021లో పోటీ పెట్టారు. తనంతట తాను నేర్చుకునే ప్రోగ్రాముల కంటే, మనుషులు నియమాలు రాసిచ్చిన ప్రోగ్రాములే మెరుగ్గా ఆడాయి. ఆట ముగించింది మాత్రం ఒక్కటీ లేదు!

ఇంట్లో పాత కంప్యూటర్ మూలన పడి ఉన్నా ఫరవాలేదు, దీనికి అది చాలు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టండి. తెలియని గుర్తు ఎదురైతే సెమికోలన్ మీట నొక్కి, దాని మీదకి వెళ్లి చుక్క కొట్టండి. అదేమిటో ఆటే చెబుతుంది. అన్నిటికంటే ముందు ఒక అలవాటు చేయించండి. ప్రతి అడుగుకీ పై వరుస చదవాలి, కింది వరుస చూడాలి, ఆ తర్వాతే మీట నొక్కాలి.