కిటికీలు మార్చే ముందు కాగితం చదవాల

బెంగళూరులో బళ్లారి రోడ్డు పక్కన మా ఇల్లు. లారీల మోత తగ్గాలని నాయన 9 ఏండ్ల కింద రెండు గాజుల కిటికీలు పెట్టించినాడు. ఇప్పుడు గాజుల నడుమ మసక. అవ్వ రోజూ గుడ్డతో తుడుస్తుంది, పోదు. అంచు సీలు చెడి తేమ లోపలికి చేరింది కదా, బయట తుడిస్తే ఎట్ల పోతుంది?

పాత కాగితం తీసి చూసినాము. గ్యారంటీ ఫ్రేముకు 10 ఏండ్లు, గాజుకు ఒక్క ఏడాదే. అదంతా ఇంగ్లీషు. అడిగితే చిన్నతనమని నాయన సంతకం పెట్టేసినాడు. కన్నడ మీడియంలో చదివిన మేమూ ఎన్నోసార్లు అట్లే చేసినాము.

ఈసారి మూడు కంపెనీలను పిలిచినాము. ఇద్దరు వాకిట్లోంచే "అన్నీ పీకి కొత్తవి వేయాల" అన్నారు. మూడో ఆయన ఒక్కో రెక్కా తెరిచి మూసి చూసి, "ఫ్రేములు బాగున్నాయి, గాజులు, రబ్బర్లు మారిస్తే చాలు" అన్నాడు.

తక్కువ ఖర్చు చెప్పినాడని కాదు, చూసి చెప్పినాడని ఆయనకే పని ఇచ్చినాము. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో మేము మొదట అడిగేది, చెడితే ఏమవుతుందని. ఇక్కడా అదే అడిగినాము. మళ్లీ మసక పడితే ఎవరొస్తారు? సీలుకు గ్యారంటీ ఎన్నేండ్లు? బిగింపు పనికీ ఉందా? గాజు మందం, నడుమ ఖాళీ ఎన్ని మిల్లీమీటర్లు? అన్నీ కన్నడంలో రాసిచ్చినాడు. అవ్వకు తెలుగులో చదివి చెప్పినాకే సంతకం పెట్టినాము.

మీరూ అడగండి. అడగడం చిన్నతనం కాదు.