ఇంటింట నీటియంత్రము

నేడు పెక్కు గృహములలో నీటిని శుద్ధిచేయు యంత్రము నిత్యావసరమైనది. ఏ నీటికి ఏ శుద్ధి కావలయునో విచారించువారు మాత్ర మరుదు. నీటిని మరిగించిన క్రిములు నశించును. నల్లగొండ సీమ బోరునీటిలోని ఫ్లోరైడు మరిగించినను పోదు, నీరు ఇగిరినకొలది సాంద్రమగును. అట్టిచోట ఆర్.ఓ. యంత్రము బిడ్డల పండ్లను, ఎముకలను కాపాడును. లవణములు స్వల్పముగా నున్నచోట నదే యంత్రము నీటిని వృథాపుచ్చి, వడపోత భాగముల మార్పునకై ఏటేట సంసారపు రాబడిని హరించును. లీటరునకు 500 మిల్లీగ్రాములకు లోబడి లవణములున్నచోట దానిని నిషేధింపవలెనని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునలు ఆదేశించినది. కావున కొనుటకు ముందు నీటిని పరీక్ష చేయించుడని గృహస్థులకు మా మనవి. నీటిపన్ను గైకొను స్థానికసంస్థలు ఆ ఫలితములను వీధివీధిని ప్రకటింపవలెను. గ్రుక్కెడు నీటికి ప్రజలు రెండుమారులు వెల చెల్లించుట న్యాయము గాదు.