సంపాదకుని మాట: ఆ తల్లి రాసిన ఉత్తరం

1918 నవంబర్ 11. యుద్ధం ముగిసిందని ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో చర్చి గంటలు మోగుతున్న వేళ టామ్, సూసన్ ఓవెన్ దంపతులకు టెలిగ్రాం అందింది. వారం కిందట, నవంబర్ 4న, ఉత్తర ఫ్రాన్స్‌లో ఒక కాలువ దాటే పోరులో వాళ్ల పెద్దకొడుకు విల్‌ఫ్రెడ్ చనిపోయాడు. వయసు 25.

లోకం అతన్ని యుద్ధకవిగా ఎరుగును. మేం మాత్రం ముందుగా ఒక ఇంటి బిడ్డగా తలుచుకోదలిచాం. తండ్రి రైల్వే ఉద్యోగి. తర్వాత ఒక చెల్లెలు, ఇద్దరు తమ్ముళ్లు. అతని ఉత్తరాల్లో చాలా భాగం అమ్మకు రాసినవే. 1917లో షెల్ షాక్‌తో ఎడిన్‌బరోలోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో చేరి, కోలుకుని, మరుసటి ఏడాది మళ్లీ యుద్ధానికి వెళ్లాడు. బతికుండగా అచ్చయినవి కొద్ది కవితలే. 1920లో మిత్రుడు సిగ్‌ఫ్రీడ్ ససూన్ పూనికతో సంపుటి వెలువడింది.

అదే ఏడాది సూసన్ మన రవీంద్రనాథ్ ఠాగూర్‌కు ఉత్తరం రాశారు. చివరిసారి సెలవు తీసుకుంటూ కొడుకు తనకు చెప్పిన మాటలు ఠాగూర్‌వే. యుద్ధభూమి నుంచి తిరిగొచ్చిన అతని పాకెట్ బుక్‌లోనూ అవే మాటలు, కింద ఠాగూర్ పేరు. ఆ కవిత పూర్తిగా ఏ పుస్తకంలో దొరుకుతుందని ఆమె అడిగారు. అది 'గీతాంజలి'లోది.

గెలిచిన దేశంలోనూ ఓడిన ఇళ్లుంటాయి. యుద్ధాన్ని కీర్తించే గొంతులు పెరుగుతున్న రోజుల్లో ఆ ఇళ్లవాళ్ల మాట ముందు వినాలని మా గట్టి నమ్మకం. అందుకే ఈ సంచికను వాళ్లకు కేటాయించాం. చదవండి, మీ ఇంట్లో పిల్లలతోనూ చదివించండి.