కింద బెర్తు వచ్చిందా?

చిత్తూరులో ఒక పెద్దాయన ఉన్నాడనుకోండి. ఆయనకు 68 ఏళ్లు, ఇల్లాలికి 63. ఆమెకు మోకాళ్ల నొప్పులు. హైదరాబాదులో ఉన్న కూతురికి ఇప్పుడు ఏడో నెల. తొలి కాన్పు చిత్తూరులోనే చేసి పంపారు, రెండోది అక్కడే. డాక్టరు చెప్పిన తేదీకి వారం ముందే వెళ్లి దిగాలి. బస్సులో రాత్రంతా కాళ్లు ముడుచుకుని కూర్చోవడం ఆమె వల్ల కాదు. చిత్తూరు నుంచి నేరుగా కాచిగూడకు పోయే వెంకటాద్రి ఉండనే ఉంది. పాకాల, తిరుపతి, రేణిగుంట, కడప, కర్నూలు మీదుగా రాత్రంతా నడిచి పొద్దున్నే దించేస్తుంది. అందుకే ప్రయాణానికి సరిగ్గా 60 రోజుల ముందు, ఉదయం ఎనిమిది కొట్టేసరికి పక్కింటి కుర్రాడు ఫోను పట్టుకుని ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు.

"నాయనా, సీటుందో లేదో తర్వాత. మీ అవ్వకు కింద బెర్తు వచ్చిందా? అది చెప్పు చాలు."

"ఉండు తాతా, ఇంకా తిరగతానే ఉండాది."

ఈ 60 రోజుల లెక్క కూడా స్థిరంగా ఉన్నది కాదు. 2013లో 60 రోజులు చేశారు. 2015 ఏప్రిల్ నుంచి 120కి పెంచారు. 2024 నవంబరు 1 నుంచి మళ్లీ 60కే తెచ్చారు. నాలుగు నెలల ముందు కొన్నవాళ్లలో చాలామంది రద్దు చేసుకుంటున్నారన్నది రైల్వే చెప్పిన కారణం. మాట సబబే. కాకపోతే తిరుపతికి వచ్చేవాళ్ల పరిస్థితి వేరు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను టీటీడీ మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదలడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. 120 రోజులున్నప్పుడు దర్శనం దొరికిన పూటే రైలు కూడా చూసుకునేవాళ్లు. ఆ తర్వాత దర్శనం చేతిలో పెట్టుకుని రైలు కోసం నెలరోజులు కాచుకోవాల్సి వచ్చింది. తిరుపతిలో కాపురమున్న ప్రతివాళ్లకూ ఈ ఫోను అనుభవమే: "అన్నా, దర్శనం అయిపోయినట్టే, రైలే దొరకలేదు. అక్కడ మీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?" కొండకింద ఉన్నవాళ్లందరికీ స్టేషన్ మాస్టరు మేనమామ అవుతాడని బంధువుల నమ్మకం!

ఇక ఈ ఊళ్లవాళ్లు బయటికి పోవాలంటే, వచ్చిన భక్తులందరితో పోటీ పడాలి. కొండ దిగినవాళ్లు ఎక్కేదీ ఆ నారాయణాద్రి, పద్మావతి, వెంకటాద్రులే. 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్-తిరుపతి వందేభారత్ మొదలయ్యాక పగటిపూట పోయేవాళ్లకు ఒక దారి దొరికింది. ఎనిమిదిన్నర గంటలలోపే చేరుస్తుంది. అయితే అందులో ఉన్నవి కుర్చీలు. మోకాళ్ల నొప్పులవాళ్లకు ఆ వేగం అక్కరకు రాదు.

అనుభవమున్నవాళ్లు తిరుపతి ఒక్క పేరే కొట్టి చూసి ఊరుకోరు. పది కిలోమీటర్ల దూరంలో రేణిగుంట ఉంది. ముంబయి-చెన్నై దారిలో పోయే బండ్లు చాలావరకు తిరుపతి ముఖం చూడకుండా అక్కడే ఆగి పోతాయి. ఢిల్లీ, కోల్‌కతా వైపైతే గూడూరు చూడాలి. బెంగళూరుకో కేరళకో అయితే చిత్తూరువాళ్లకు కాట్పాడి దగ్గర. రాష్ట్రం దాటాలన్న మాటేగానీ అది వాళ్ల సొంత స్టేషన్ లాంటిదే. ఇంకో కిటుకుంది. తిరుపతి నుంచి వెయిటింగ్ చూపిస్తున్నప్పుడు, బండి బయల్దేరే చిత్తూరు నుంచి అడిగితే ఒక్కోసారి బెర్తు ఉంటుంది. నాలుగు రూపాయలు ఎక్కువైనా అక్కడినుంచి టికెట్టు తీసుకుని, ఎక్కే స్టేషన్‌ను తిరుపతిగా మార్చుకోవచ్చు. ఆ మార్పు ముందుగానే చేసుకోవాలి. మార్చాక మళ్లీ చిత్తూరులో ఎక్కుతామంటే కుదరదు.

పెద్దాయన ప్రశ్నకు వద్దాం. 60 ఏళ్లు దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు కింది బెర్తుల కోటా ఒకటుంది. ఒంటరిగా గానీ, ఇద్దరుగా గానీ టికెట్టు తీసుకున్నప్పుడే అది పనిచేస్తుంది. ఇది తెలియక కొడుకు, కోడలు, మనవలు, అమ్మానాన్నలు అంతా ఒకే టికెట్టు మీద కొంటారు. ఆ తర్వాత అమ్మకు పై బెర్తు వచ్చిందని బండిలో ఎదుటివాళ్లను బతిమాలుకుంటారు. పెద్దవాళ్ల టికెట్టు విడిగా తీస్తే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. చార్జీలో రాయితీ మాత్రం ఆశించకండి. మగవాళ్లకు 40 శాతం, ఆడవాళ్లకు 50 శాతం ఇచ్చేవాళ్లు. 2020 మార్చిలో ఆపారు, కరోనా పోయినా రాయితీ తిరిగి రాలేదు.

ఐఆర్‌సీటీసీ 2002 ఆగస్టు 3న ఇంటర్నెట్ టికెట్లు మొదలుపెట్టినప్పుడు, నెట్‌లో కొన్న టికెట్టు కొరియర్‌లో ఇంటికొచ్చేది. ఇప్పుడు కాగితం అక్కర్లేదు గానీ ఆధార్ కావాలి. 2025 జులై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. అదే నెల 15 నుంచి ఓటీపీ కూడా చేరింది. తత్కాల్ తెరిచిన తొలి అరగంట ఏజెంట్లను పక్కన పెట్టారు. అక్టోబరు 1 నుంచి మామూలు బుకింగులోనూ తొలి 15 నిమిషాలు ఆధార్ ఉన్న ఖాతాలకే అన్నారు. దళారులకు పగ్గం వేయడానికే ఇదంతా, వేయాల్సిందే. కానీ బటన్ల ఫోను తప్ప వేరే ఎరగని పెద్దవాళ్లు ఇన్నాళ్లూ వీధి చివర నెట్ సెంటరుకు వెళ్లి యాభయ్యో వందో ఇచ్చి పని చేయించుకునేవాళ్లు. వాళ్లకు ఇక మిగిలింది స్టేషన్ కౌంటరు, లేదంటే పక్కింటి కుర్రాడు. ఆ కుర్రాడు తన ఖాతాలో వీళ్లకు టికెట్టు తీసిపెట్టడం తప్పేం కాదు. డబ్బు పుచ్చుకుని వ్యాపారంగా చేస్తేనే నేరం.

తత్కాల్ మీద భారం వేసి కూర్చోవడం మాత్రం మంచిది కాదు. ఏసీకి పదింటికి, స్లీపరుకు పదకొండింటికి తెరుస్తారు. కన్‌ఫర్మ్ అయిన తత్కాల్ రద్దు చేసుకుంటే పైసా రాదు. ఒకరోజు ముందన్నది కూడా బండి మొదట బయల్దేరిన ఊరు నుంచి లెక్క. దూరం నుంచి రేణిగుంటకు మర్నాడు చేరే బండ్ల విషయంలో ఈ లెక్క తప్పి, తీరా తెరిచి చూసేసరికి అంతా అయిపోయినవాళ్లు చాలామంది.

ఎనిమిదీ నాలుగు నిమిషాలకు అరుగు మీద కుర్రాడు తలెత్తాడు.

"వచ్చింది తాతా! అవ్వకు లోయరు, నీకు మిడిలు."

"నాకేదైతేనేం. ఆమెది కిందే గదా?"

"కిందే. మరి తిరుగు టికెట్టు ఏ తేదీకి చేయమంటావు?"

పెద్దాయన నవ్వాడు. "అది ఇంకా పుట్టనోళ్లు చెప్పాల గదరా!"