దీవుల్లో ఎన్ని రోజుల గ్యాస్ ఉంది?

శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు జంగ్లీఘాట్‌లో తరాలుగా ఉంటున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగే. ఆ ఇళ్లలో పొయ్యి వెలగాలంటే గ్యాస్ సముద్రం దాటి రావాలి. పోర్ట్‌బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అని పేరు మార్చినా దూరం మారలేదు. విశాఖ నుంచైనా, చెన్నై నుంచైనా సుమారు 1,200 కిలోమీటర్లే.

రక్షణ విశ్లేషణలో వంటగ్యాస్ గొడవేమిటని అనిపించవచ్చు. 2001లో ఏర్పడిన త్రివిధ దళాల అండమాన్ నికోబార్ కమాండ్ గురించి రాసేటప్పుడు మేమంతా యుద్ధనౌకలు, రన్‌వేలు లెక్కపెడతాం. ఆ స్థావరాల చుట్టూ బతికే జనం ఎన్నాళ్లు వండుకోగలరో ఎవరూ లెక్కపెట్టరు. ఓడల రాకపోకలు ఆగితే సైనికుడి మెస్సూ, జాలరి వంటిల్లూ ఒకే రేవు వైపు చూడాలి. అందుకే నా దృష్టిలో ఇవి రెండు లెక్కలు కావు.

అసలు దేశం పరిస్థితే అంత నిశ్చింతగా లేదు. ఏటా మనం 3 కోట్ల టన్నులకు పైగా ఎల్పీజీ వాడుతున్నాం. అందులో 60 శాతం దాకా దిగుమతి. ఆ దిగుమతుల్లో అత్యధిక భాగం గల్ఫ్ దేశాల నుంచి వస్తోంది. 2025 జూన్‌లో ఇరాన్ పార్లమెంటు హోర్ముజ్ జలసంధి మూసివేతకు మద్దతు తెలిపినప్పుడు ఢిల్లీ ఉలిక్కిపడటానికి కారణమదే. ఆ నవంబరులో అమెరికా నుంచి 2026 సంవత్సరానికి 22 లక్షల టన్నులు కొనే ఒప్పందం కుదిరింది. మంచిదే, కానీ అది దిగుమతుల్లో పదో వంతు. ఇక నిల్వల సంగతి. విశాఖ, మంగళూరు, పాదూర్‌లలోని 53 లక్షల టన్నుల వ్యూహాత్మక నిల్వ సామర్థ్యం ముడి చమురు కోసం కట్టింది. విశాఖలో కొండరాయి తొలిచి కట్టిన ఎల్పీజీ గుహలో 60 వేల టన్నులు పడుతుంది. దేశం ఒక్క రోజులో వాడేది అంతకంటే ఎక్కువ.

ప్రధాన భూభాగంలో ఈ లోటు వెంటనే కనపడదు. లారీ ఆలస్యమైతే పక్క జిల్లా నుంచి మరో లారీ వస్తుంది. దీవుల్లో పక్క జిల్లా అంటే మరో దీవి. 14.2 కిలోల గ్యాస్ పట్టే సిలిండర్ ఇనుము బరువే 15 కిలోలు దాటుతుంది. అంటే ఓడ మోసే బరువులో సగానికి పైగా ఇనుమే. ఖాళీ సిలిండర్ వెనక్కి రాకపోతే నిండు సిలిండర్ వెళ్లదు. మండే వాయువును జనం కిక్కిరిసిన ప్రయాణికుల ఓడలో వేయడానికి అంతర్జాతీయ నౌకా నిబంధనలు ఒప్పుకోవు. శుభ్రం చేయని ఖాళీ సిలిండర్‌కూ ఆ ఆంక్షలే. ఉత్తరాన దిగ్లీపూర్ వైపు రోడ్డుందిగా అనొచ్చు. ఆ అండమాన్ ట్రంక్ రోడ్డు జరావాల అభయారణ్యం గుండా పోతుంది. జిర్కాటాంగ్ దగ్గర నిర్ణీత వేళల్లో మాత్రమే వాహనాలను వరుసగా వదులుతారు. జరావాల రక్షణకు అది ఉండాల్సిన ఆంక్షే. దక్షిణాన క్యాంప్‌బెల్ బే 500 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. మే నెలలో రుతుపవనాలు తాకాక సముద్రం ఎప్పుడు దారిస్తుందో చెప్పలేం.

ఇలాంటి చోట కిలోమీటర్లు, డీజిల్ తగ్గించే మామూలు రూటు లెక్క పనికిరాదు. ఒక చిన్న దీవిలో రోజుకు 40 సిలిండర్లు ఖర్చవుతాయనుకుందాం. పది రోజులకో ఓడ వస్తుంది, వాతావరణం బాగోకపోతే ఇంకో పదిహేను రోజులు ఆగుతుంది. అప్పుడు ఓడ వెళ్లిన రోజున అక్కడ వెయ్యి నిండు సిలిండర్లు ఉండాలి. సగటు చూసుకుని 400 పెట్టే అధికారి కాగితం మీద డబ్బు మిగిలిస్తాడు, తుపానుకు దొరికిపోతాడు. ఏ దీవికి ముందు ఓడ వెళ్లాలన్నది దూరాన్ని బట్టి కాదు, ఎక్కడ నిల్వ ముందు అడుగంటుతుందో దాన్ని బట్టి తేల్చాలి. పర్యాటకుల సీజన్‌లో స్వరాజ్ ద్వీప్ హోటళ్ల వాడకాన్ని ఇళ్ల కోటాతో కలపకూడదు.

నిల్వ పెంచమన్నాను గానీ ఒకే చోట పోగుచేయమనలేదు. 1997 సెప్టెంబరు 14న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో గ్యాస్ లీకై అంటుకున్న మంటలు సుమారు 60 మంది ప్రాణాలు తీశాయి. నౌకాస్థావరం పక్కన పెద్ద ట్యాంకు ఉండటమంటే శత్రువుకు గురి చూపించడమే. 2004 సునామీ జెట్టీలను ఏం చేసిందో దీవుల వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్న నిల్వలు నాలుగైదు చోట్ల, ఎత్తయిన నేల మీద ఉండాలి.

కరెంటు పొయ్యిలు ఇస్తే సరిపోదా అనేవారున్నారు. దీవుల్లో విద్యుత్తు ఎక్కువగా డీజిల్ జనరేటర్లదే, ఆ డీజిల్ కూడా ఓడలోనే వస్తుంది. 2025 సెప్టెంబరులో ఆయిల్ ఇండియా అండమాన్ తీరానికి 17 కిలోమీటర్ల దూరంలో సహజవాయువు జాడ కనుగొంది. అందులో 87 శాతం మీథేన్. అది సిలిండర్లలో నింపే ప్రొపేన్, బ్యూటేన్ కాదు.

గల్ఫ్ నుంచి చైనా, జపాన్‌లకు మలక్కా మీదుగా వెళ్లే గ్యాస్ నౌకలు గ్రేట్ నికోబార్ దక్షిణ కొస దగ్గరగానే సాగిపోతాయి. ఆ దీవిలో తలపెట్టిన ప్రాజెక్టులో గలాథియా బే రేవుతో పాటు గ్యాస్, సౌరశక్తితో నడిచే విద్యుత్ కేంద్రమూ ఉంది. అడవికీ ఆదివాసులకూ దానివల్ల జరిగే నష్టంపై నా అభ్యంతరాలు నాకున్నాయి. అయినా కట్టి తీరాలని ప్రభుత్వం అనుకుంటే, గ్యాస్ దించే జెట్టీ నమూనా గీసేటప్పుడే ఎల్పీజీకి విడిగా చిన్న ట్యాంకు, సిలిండర్లు నింపే షెడ్డు అందులో చేర్చాలి. కట్టాక చేర్చాలంటే మళ్లీ అనుమతులు, మళ్లీ టెండర్లు. అప్పటిదాకా క్యాంప్‌బెల్ బే సిలిండర్ శ్రీవిజయపురం నుంచే రావాలి.